చిన్న దేశం, ఒకే క్రీడ: ఒలింపిక్ వేదికపై ఫిజీ – పరిశీలన

వ్యాస సంగ్రహం:
సుమారు తొమ్మిది లక్షల జనాభా గల పసిఫిక్ ద్వీపదేశం ఫిజీ 2016 రియో ఒలింపిక్స్‌లో తన తొలి పతకాన్ని స్వర్ణ రూపంలోనే సాధించింది. 2020 టోక్యో క్రీడల్లో ఆ స్వర్ణాన్ని నిలబెట్టుకుంది. చిన్న దేశాలు అంతర్జాతీయ బహుళ క్రీడోత్సవాల్లో ఏ నిబంధనల వల్ల చోటు పొందుతాయో, ఏ సామాజిక పునాది వల్ల పతకం వరకు చేరుకుంటాయో ఫిజీ ఉదాహరణగా వివరించడం ఈ వ్యాస ప్రధానోద్దేశం. ఫిజీలో తెలుగువారితో సహా గిర్మిటియా సంతతి ఉన్నందున, ఆ దేశపు క్రీడా చరిత్రను ప్రవాస అధ్యయనాలకు ఆధారంగా ఎలా చదవవచ్చో కూడా ఈ వ్యాసం సూచిస్తుంది.

కీలక పదాలు: ఫిజీ, ఒలింపిక్స్, సెవెన్స్ రగ్బీ, చిన్న దేశాలు, గిర్మిట్, ప్రవాసాంధ్రులు, జాతీయత.

1. ఉపోద్ఘాతం:

ఒలింపిక్ క్రీడలు ముగిసిన ప్రతిసారీ మన పత్రికల్లో ఒక ప్రశ్న వినిపిస్తుంది. ఇంత పెద్ద దేశానికి ఇన్ని తక్కువ పతకాలేమిటన్నదే ఆ ప్రశ్న. దాని వెంటనే ఏదో ఒక చిన్న దేశం పేరు ఉదాహరణగా వస్తుంది. 2016లో ఆ ఉదాహరణ ఫిజీ. ఆ ఏడాది రియోలో భారతదేశానికి రెండు పతకాలు లభించాయి. హైదరాబాదు క్రీడాకారిణి పి.వి. సింధు బ్యాడ్మింటన్‌లో రజతం, సాక్షి మలిక్ కుస్తీలో కాంస్యం సాధించారు. స్వర్ణం లేదు. ఫిజీకి ఒకే పతకం వచ్చింది, అది స్వర్ణం.

ఈ పోలిక ఆకర్షణీయంగానే ఉంటుంది గాని, వివరణ కాజాలదు. జనాభాను పతకాలతో భాగించి చూసినపుడు అతి చిన్న దేశానికి దక్కిన ఒక్క పతకమైనా పట్టికలో అగ్రస్థానానికి చేరుతుంది. సుమారు 34 వేల జనాభా గల శాన్ మారినో టోక్యోలో మూడు పతకాలు పొందింది. సుమారు 64 వేల జనాభా గల బెర్ముడాకు ట్రయాథ్లాన్‌లో ఫ్లోరా డఫీ స్వర్ణం తెచ్చిపెట్టింది. మరోవైపు, జట్టు క్రీడల్లో ఎంత పెద్ద దేశమైనా ఒక విభాగంలో ఒకే జట్టును పంపగలదు. జనాభా వందరెట్లు ఉన్నంత మాత్రాన వంద జట్లు పంపే వీలు లేదు. కాబట్టి ఈ లెక్క దేశాల సామర్థ్యాన్ని గాని, వెనుకబాటును గాని కొలవలేదు. ఫిజీ విజయానికి కారణాలను జనాభా లెక్కల్లో కాక, ఆ దేశపు గ్రామాల్లో, పాఠశాలల్లో, వలస చరిత్రలో వెతకవలసి ఉంటుంది.

2. చిన్న దేశాలు – పాల్గొనే హక్కు:

ఒలింపిక్ క్రీడల్లో పాల్గొనడానికి ప్రతి క్రీడకూ నిర్దేశిత అర్హతా ప్రమాణం ఉంటుంది. ఆ ప్రమాణం ఒక్కటే అమలైతే అనేక చిన్న దేశాల పతాకాలు ప్రారంభోత్సవంలో కనిపించవు. అందువల్ల అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం రెండు మార్గాలను కల్పించింది. మొదటిది సార్వత్రిక స్థానాలు. అథ్లెటిక్స్, ఈత వంటి క్రీడల్లో అర్హత పొందిన క్రీడాకారులు లేని దేశాలకు పరిమిత సంఖ్యలో ప్రవేశం ఇస్తారు. వ్యక్తిగత క్రీడల్లో గత రెండు ఒలింపిక్స్‌లో సగటున ఎనిమిది మంది లేదా అంతకన్నా తక్కువమందిని పంపిన దేశాలు ఆహ్వాన స్థానాల కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. రెండవది ఒలింపిక్ సాలిడారిటీ. ప్రసార హక్కుల ఆదాయంలో కొంత భాగాన్ని శిక్షణ కోసం, ఉపకార వేతనాల కోసం దేశాల ఒలింపిక్ సంఘాలకు అందించే పథకమిది.

ఈ మార్గాలు ప్రవేశాన్ని ఇస్తాయి, పతకాన్ని ఇవ్వవు. ఆహ్వాన స్థానంతో వచ్చిన పరుగు వీరుడు చాలా సందర్భాల్లో తొలి దశలోనే వెనుదిరుగుతాడు. అయినప్పటికీ ఆ ప్రవేశానికి విలువ లేకపోలేదు. దేశం పేరు, పతాకం, భాష ప్రపంచానికి కనిపించే క్షణమది. పాల్గొనడానికీ గెలవడానికీ మధ్య ఉన్న ఆ దూరాన్ని ఫిజీ అరవై ఏళ్లలో దాటింది.

3. మెల్‌బోర్న్ నుంచి లండన్ వరకు (1956–2012):

ఫిజీ తొలిసారి 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో పాల్గొన్నది. అప్పటికి అది బ్రిటిష్ వలస. స్వాతంత్ర్యం 1970 అక్టోబరు 10న లభించింది. అంటే రాజకీయంగా దేశం కాకముందే ఫిజీ క్రీడారంగంలో దేశంగా కనిపించింది. 1964, 1980 మినహా తరువాతి వేసవి ఒలింపిక్స్ అన్నింటిలోనూ పాల్గొన్నది. 1963లో తొలి దక్షిణ పసిఫిక్ క్రీడలకు సువా నగరం ఆతిథ్యమిచ్చింది. పొరుగు ద్వీపదేశాలతో పోటీపడే ఈ వేదికే ఫిజీ క్రీడాకారులకు అసలైన పాఠశాల అయింది.

దేశ రాజకీయాలు క్రీడాకారుల అవకాశాలను నేరుగా ప్రభావితం చేసిన సందర్భాలు కూడా ఉన్నాయి. 2006 సైనిక తిరుగుబాటు అనంతరం ఎన్నికలు నిర్వహించనందుకు 2009లో కామన్వెల్త్ కూటమి ఫిజీని సస్పెండ్ చేసింది. ఫలితంగా 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో ఫిజీ పాల్గొనలేకపోయింది. పాలకుల నిర్ణయానికి మూల్యం చెల్లించినవారు ఆటగాళ్లే.

ఫిజీ తొలి పతకం ఒలింపిక్స్‌లో కాక పారాలింపిక్స్‌లో వచ్చింది. చిన్నతనంలో బస్సు ప్రమాదంలో ఒక కాలు కోల్పోయిన ఇలియెసా డెలానా 2012 లండన్ పారాలింపిక్స్‌లో హైజంప్ ఎఫ్-42 విభాగంలో స్వర్ణం గెలిచారు. ఆయన దాటిన ఎత్తు 1.74 మీటర్లు. అదే ఎత్తు దాటి, విఫల ప్రయత్నాల లెక్కలో రెండవ స్థానంలో నిలిచినది భారతీయుడు, కర్ణాటకకు చెందిన గిరీష. మన పత్రికలు గిరీష రజతాన్ని సహజంగానే ప్రముఖంగా చెప్పుకున్నాయి. ఆయనకు ఒక మెట్టు పైన నిలిచినవాడు ఒక చిన్న దేశపు చరిత్రను మొదలుపెట్టాడన్న సంగతిపై మన దృష్టి అంతగా నిలవలేదు. డెలానా తరువాత 2014 ఎన్నికల్లో గెలిచి యువజన, క్రీడా శాఖ సహాయమంత్రి అయ్యారు.

4. సెవెన్స్ రగ్బీ: ఎందుకు సాధ్యమైంది?

రగ్బీలో సాధారణ రూపం పదిహేను మందితో ఆడేది. సెవెన్స్ రూపంలో అదే కొలతల మైదానంలో జట్టుకు ఏడుగురే ఉంటారు. ఒక్కొక్క భాగం ఏడు నిమిషాలే. 1883లో స్కాట్లండ్‌లోని మెల్‌రోజ్‌లో పుట్టిన ఈ రూపాన్ని ఒలింపిక్స్‌లో చేర్చాలని 2009లో కోపెన్‌హాగన్‌లో నిర్ణయించారు. ఈ ఒక్క నిర్ణయం ఫిజీ స్థితిని మార్చివేసింది.

దీనికి నాలుగు కారణాలను గుర్తించవచ్చు.

మొదటిది ఆట స్వభావం. పదిహేను మంది రగ్బీలో బరువైన ఆటగాళ్లు, నిపుణులైన శిక్షకుల బృందం, సుదీర్ఘ సన్నాహం, పెద్ద ఖర్చు అవసరం. సెవెన్స్‌లో మైదానం ఖాళీగా ఉంటుంది. వేగం, చురుకుదనం, పట్టుబడుతున్న క్షణంలో కూడా బంతిని సహచరుడికి అందించగల చేతివాటం నిర్ణాయకాలవుతాయి. ఒలింపిక్ జట్టుకు పన్నెండు మంది చాలు. పన్నెండు మంది ప్రపంచస్థాయి ఆటగాళ్లను తయారుచేయడం చిన్న దేశానికి అసాధ్యం కాదు.

రెండవది గ్రామీణ పునాది. ఆదివాసీ ఫిజియన్ల, అంటే ఇతౌకేయిల గ్రామాల్లో రగ్బీ ఒక సాముదాయిక జీవనరూపం. ఊరి మధ్య పచ్చిక మైదానంలో పిల్లలు ఆడుకుంటారు. బంతి లేకపోతే ప్లాస్టిక్ సీసా బంతి అవుతుంది. సువా శివారు పేదవాడ నుంచి వచ్చిన జెర్రీ తువై అలాంటి సీసాలతోనే ఆట నేర్చుకున్నట్లు చెప్పుకున్నారు. ఆయనే తరువాత టోక్యోలో కెప్టెన్ అయ్యారు.

మూడవది పాఠశాల వ్యవస్థ. ఉన్నత పాఠశాలల మధ్య జరిగే డీన్స్ ట్రోఫీ పోటీలు దేశమంతటా ఆసక్తి రేపుతాయి. గ్రామంలో కనిపించిన ప్రతిభ పాఠశాలలో వడపోతకు గురై, ప్రాంతీయ పోటీల ద్వారా జాతీయ జట్టుకు చేరుతుంది.

నాలుగవది సంప్రదాయం. 1976లో హాంకాంగ్ సెవెన్స్ మొదలైతే, మరుసటి ఏడాదే ఫిజీ విజేత అయింది. 1997, 2005లలో ప్రపంచకప్ సెవెన్స్ గెలిచింది. వైసాలే సెరేవి పేరు ప్రపంచ సెవెన్స్ చరిత్రలో ప్రథమగణ్యుల్లో ఉంటుంది. ఈ విధంగా ఒలింపిక్స్‌లో సెవెన్స్ చేరే నాటికి ఫిజీకి దాదాపు నాలుగు దశాబ్దాల అనుభవం ఉన్నది. ఇతర దేశాలు కొత్తగా జట్లు కూర్చుకుంటున్న సమయంలో ఫిజీకి అలవాటైన ఆట ఒలింపిక్ ఆట అయింది.

5. రియో నుంచి పారిస్ వరకు:

2013లో ఇంగ్లండ్‌కు చెందిన బెన్ రయన్ ఫిజీ జట్టు శిక్షకుడిగా వచ్చారు. ఆయన వచ్చిన తొలిరోజుల్లో ఫిజీ రగ్బీ సంఘం తీవ్రమైన ఆర్థిక ఇబ్బందుల్లో ఉన్నది. ఆయన సహజ ప్రతిభను మార్చే ప్రయత్నం చేయలేదు. ఆహారంలో, శరీర దారుఢ్యంలో, క్రమశిక్షణలో లోపాలను సరిచేశారు. 2014–15, 2015–16 ప్రపంచ సిరీస్‌లు రెండూ ఫిజీవే అయ్యాయి.

ఒలింపిక్స్‌కు ఆరు నెలల ముందు, 2016 ఫిబ్రవరి 20న విన్‌స్టన్ తుపాను ఫిజీని తాకింది. 44 మంది మరణించారు. వేలాది ఇళ్లు నేలమట్టమయ్యాయి. 1977 దివిసీమ ఉప్పెననూ, 2014 హుద్‌హుద్‌నూ చూసిన తెలుగు నేలకు ఆ స్థితిని ఊహించడం కష్టం కాదు. ఇళ్లకు కప్పులు లేని ప్రజలకు జట్టు గెలుపు ఏమిస్తుందన్న ప్రశ్న సహేతుకమైనదే. కప్పు ఇవ్వదు. కాని ఆ ఏడాది ఫిజీ పేరు ప్రపంచానికి శిథిలాల చిత్రాలతో మాత్రమే గుర్తుండిపోకుండా ఆ గెలుపు చేయగలిగింది.

రియోలో ఫిజీ ఆడిన ఆరు ఆటలూ గెలిచింది. క్వార్టర్ ఫైనల్లో న్యూజిలాండ్‌పై 12–7తో గట్టెక్కింది. ఆగస్టు 11న ఫైనల్లో బ్రిటన్‌ను 43–7తో ఓడించింది. మొదటి భాగం ముగిసేసరికే 29–0 ఆధిక్యం లభించింది. తమను ఒకప్పుడు పాలించిన దేశంపై, అదే దేశం నేర్పిన ఆటలో, ఆ దేశపు శిక్షకుడి సాయంతో గెలవడం వలసానంతర చరిత్రలో విశేష ఘట్టం. కెప్టెన్ ఒసేయా కొలినిసౌతో సహా ఆటగాళ్లు బ్రిటిష్ రాకుమారి ఆన్ చేతులమీదుగా మోకరిల్లి పతకాలు స్వీకరించారు. దీన్ని వలస విధేయతగా చదవడం తొందరపాటు. పెద్దల ముందు శరీరాన్ని తగ్గించుకోవడం ఫిజీ సంప్రదాయంలో మర్యాద. ఒకే చేష్టలో వలస చరిత్ర, స్వీయ సంస్కృతి రెండూ కలిసి ఉండటమే ఇక్కడ గమనించవలసిన అంశం.

ప్రభుత్వం సెలవుదినం ప్రకటించింది. 2017లో ఏడు డాలర్ల ప్రత్యేక నోటు వెలువడింది. ఏడుగురి ఆటకు ఏడు డాలర్ల నోటు! బెన్ రయన్‌కు ఒక సాంప్రదాయిక నామాన్ని, మూడెకరాల భూమిని ఇచ్చి గౌరవించారు. భూమి అమ్మకానికి రాని సమాజంలో భూమిని కానుకగా ఇవ్వడం ఎంత పెద్ద గౌరవమో తరువాతి భాగంలో స్పష్టమవుతుంది.

కోవిడ్ వల్ల 2021లో జరిగిన టోక్యో క్రీడలకు ముందు జట్టు నెలల తరబడి కుటుంబాలకు దూరంగా ఉండవలసి వచ్చింది. ఫైనల్లో న్యూజిలాండ్‌ను 27–12తో ఓడించి స్వర్ణాన్ని నిలబెట్టుకుంది. అదే క్రీడల్లో ‘ఫిజియానా’గా పేరుపొందిన మహిళల జట్టు బ్రిటన్‌పై 21–12తో గెలిచి కాంస్యం పొందింది. గ్రామ మైదానం చాలాకాలం పురుషులదిగానే ఉన్న సమాజంలో ఈ కాంస్యం విలువ స్వర్ణానికి తీసిపోదు. 2024 పారిస్‌లో ఫైనల్ వరకు ఓటమి ఎరుగని ఫిజీ పురుషుల జట్టు, ఒలింపిక్స్‌లో వరుసగా పదిహేడు విజయాల తరువాత, ఆతిథ్య ఫ్రాన్స్ చేతిలో 28–7తో ఓడి రజతంతో సరిపెట్టుకుంది.

6. రెండు మైదానాలు – గిర్మిట్ వారసత్వం:

ఈ విజయగాథలో ఒక నిశ్శబ్దం ఉంది. రియోలో స్వర్ణం గెలిచిన జట్టులో భారత సంతతి ఆటగాడు లేడు. ఇది యాదృచ్ఛికం కాదు.

1879 మే 14న ‘లియోనిడాస్’ నౌక తొలి భారతీయ ఒప్పంద కూలీలతో ఫిజీ చేరింది. 1916 వరకు అరవై వేలకు పైగా కూలీలు చెరకు తోటల కోసం వెళ్లారు. ‘అగ్రిమెంట్’ అన్న మాట వారి నోట ‘గిర్మిట్’ అయింది, వారు గిర్మిటియాలయ్యారు. 1903 నుంచి మద్రాసు రేవు ద్వారా కూడా వలస సాగింది. ఉత్తర ఆర్కాటు, విశాఖపట్నం, గోదావరి వంటి జిల్లాల నుంచి వెళ్లినవారిలో తెలుగువారున్నారు. 1926లో నాందీ పట్టణంలో ఏర్పడిన తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంగం, 1941లో ఏర్పడిన దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం వారి భాషా సంస్కృతుల రక్షణకు కృషిచేశాయి.

వలస పాలన ఇతౌకేయిలను గ్రామాల్లో, భారతీయులను తోటల్లో వేరువేరుగా ఉంచింది. ఎనభై శాతానికి పైగా భూమి నేటికీ ఇతౌకేయి వంశాల ఉమ్మడి యాజమాన్యంలో ఉంది. భారత సంతతి రైతు కౌలుదారు. రగ్బీకి పునాది అయిన గ్రామ మైదానం ఆ ఉమ్మడి భూమిలోని భాగమే. చెల్లాచెదురుగా కౌలు పొలాల్లో నివసించిన భారతీయులకు అలాంటి ఊరి మైదానం లేదు. వారి ఆట ఫుట్‌బాల్ అయింది. 1938లో ఏర్పడిన ఫుట్‌బాల్ సంఘం తొలుత భారతీయుల సంఘమే. 1960ల తొలినాళ్లలోనే అది అన్ని జాతులవారికీ తలుపులు తెరిచింది. ఈ విధంగా భూమి విభజన క్రీడా విభజనగా పరిణమించింది.

1987 మే 14న, అంటే గిర్మిటియాలు అడుగుపెట్టిన తేదీనే, తొలి సైనిక తిరుగుబాటు జరిగింది. 2000లో మరొకటి జరిగింది. భయంతో, భూమి కౌళ్లు ముగియడంతో వేలాది భారతీయ కుటుంబాలు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడాలకు తరలిపోయాయి. 1980లలో జనాభాలో దాదాపు సగం ఉన్న భారత సంతతి 2007 జనగణన నాటికి 38 శాతం లోపుకు తగ్గింది. ‘ఫిజియన్’ అన్న మాట కూడా చాలాకాలం ఇతౌకేయిలకే పరిమితమై ఉండేది. 2013 రాజ్యాంగం పౌరులందరినీ ఆ పేరుతో పిలిచింది.

ఈ నేపథ్యంలో రియోలో ఫిజీ ఆడిన మరొక ఆటను గుర్తుచేసుకోవాలి. ఆ ఏడాదే ఫిజీ పురుషుల ఫుట్‌బాల్ జట్టు తొలిసారి ఒలింపిక్స్‌కు అర్హత పొందింది. కెప్టెన్ రాయ్ కృష్ణ, లంబాసా పట్టణానికి చెందిన భారత సంతతి ఆటగాడు. దక్షిణ కొరియా చేతిలో 8–0తో, జర్మనీ చేతిలో 10–0తో జట్టు ఓడింది. ఈ రెండింటి నడుమ మెక్సికోపై రాయ్ కృష్ణ తొలి గోల్ చేశాడు. మొదటి భాగం ముగిసేవరకు ఫిజీదే ఆధిక్యం. చివరకు 5–1తో ఓడినా, ఆ గోల్ ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఫిజీ చేసిన తొలి గోల్. జర్మనీ చేతిలో ఓటమి ఆగస్టు 10న, రగ్బీ స్వర్ణం ఆగస్టు 11న. ఒకే దేశం, రెండు మైదానాలు, ఇరవైనాలుగు గంటలు.

ఫుట్‌బాల్ జట్టులో ఇతౌకేయి ఆటగాళ్లు పెద్దసంఖ్యలో ఉన్నారు. భారతీయుల ఆట అందరి ఆట అయింది. రగ్బీలో అటువంటి మార్పు ఇంకా కనిపించలేదు. ఐతే ఆ స్వర్ణాన్ని రెండు జాతులవారూ వీధుల్లోకి వచ్చి తమదిగానే జరుపుకున్నారు. ఈ సంబరం జాతీయైక్యతకు నిదర్శనమా, లేక ఒకరు ఆడగా మరొకరు చప్పట్లు కొట్టే పాత ఏర్పాటుకు కొనసాగింపా అన్న ప్రశ్నకు ఒక్కమాటలో సమాధానం లేదు. రెండూ నిజమే. రాయ్ కృష్ణ తరువాత భారతదేశానికి వచ్చి ఇండియన్ సూపర్ లీగ్‌లో ఏళ్ల తరబడి ఆడాడు. గిర్మిటియాల వారసుడు పూర్వికుల దేశానికి కూలిగా కాక, కోరి పిలిపించుకున్న ఆటగాడిగా తిరిగిరావడం చరిత్రలో చిన్న విషయం కాదు.

7. విజయానికి మూల్యం:

చిన్న దేశం ప్రతిభను తయారుచేయగలదు, నిలుపుకోవడం కష్టం. ఫ్రాన్స్, బ్రిటన్ క్లబ్బులు ఫిజీ ఆటగాళ్లకు ఇచ్చే జీతాలను స్వదేశం ఇవ్వలేదు. రియో స్వర్ణజట్టులోని జొసువా తుయిసోవా ఫ్రెంచి క్లబ్బు ఆటగాడు. ఫిజీలో పెరిగిన విరిమి వకతావా అదే రియోలో ఫ్రాన్స్ తరఫున ఆడాడు. విదేశాల్లోని ఆటగాళ్లు పంపే డబ్బు ఎన్నో కుటుంబాలను నిలబెడుతున్నది. కనుక దీన్ని కేవలం నష్టంగా చూడలేము. 2017లో ‘ఫిజియన్ ద్రువా’ జట్టును నెలకొల్పి, 2022లో సూపర్ రగ్బీ పసిఫిక్ పోటీల్లో చేర్చడం ద్వారా స్వదేశంలోనే వృత్తి క్రీడకు దారి ఏర్పరచారు. శరీరశ్రమను ఎగుమతి చేసే దేశం నుంచి ఆటను ఇంట నిలుపుకునే దేశంగా మారే ప్రయత్నమిది.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

• చిన్న దేశానికి ప్రవేశాన్ని నిబంధనలు ఇస్తాయి, పతకాన్ని మాత్రం ప్రజల్లో వేళ్లూనిన ఒక క్రీడ ఇస్తుంది.

• సెవెన్స్ ఒలింపిక్ క్రీడ కావడం ఫిజీకి కలిసివచ్చిన అవకాశం. దాన్ని అందుకోవడానికి కావలసిన సన్నద్ధత మాత్రం దశాబ్దాల నాటిది.

• జట్టు కూర్పు దేశ చరిత్రను ప్రతిబింబిస్తుంది. ఫిజీలో ఎవరు ఏ ఆట ఆడతారన్నది భూమి ఎవరిదన్న ప్రశ్నతో ముడిపడి ఉంది.

• పతక పట్టిక ఆధారంగా దేశాలను పోల్చడం కన్నా, ఆటకు మైదానం ఎవరికి అందుబాటులో ఉన్నదని అడగడం ఫలవంతం. ఈ ప్రశ్న తెలుగు రాష్ట్రాల గ్రామాలకూ, కళాశాలలకూ వర్తిస్తుంది.

గిర్మిట్ జీవితాన్ని మనం సాధారణంగా బాధల చరిత్రగా చదువుతాం. అది అవసరమే. కాని తోటపని ముగిసిన సాయంత్రాల్లో ఆ మనుషులు ఆడిన ఆటలు, సంగాల మహాసభల్లో జరిగిన ఫుట్‌బాల్ పోటీలు, వాటిని గుర్తుంచుకున్న వృద్ధుల మాటలు కూడా ప్రవాస సాహిత్య, సంస్కృతుల పరిశోధనకు ఆధారాలే. ఫిజీలో తెలుగు మాట్లాడే తరం తరిగిపోతున్నది. ఆ జ్ఞాపకాలను సేకరించే పరిశోధకుడు ముందుగా అడగవలసిన ప్రశ్నల్లో “మీ తాతగారు ఏ పాట పాడేవారు?” అన్నది ఎలాగూ ఉంటుంది. దాని పక్కన “మీ తాతగారు ఏ ఆట ఆడేవారు, ఎక్కడ ఆడేవారు?” అన్నది కూడా చేరాలి.